పంచాయతీ లెక్క తేలాలంటే: గ్రామసభా, సోషల్ ఆడిటా, ఆర్టీఐనా?

రాజాం, చీపురుపల్లి వైపు నుంచి ఈమధ్య అందరిదీ ఒకటే ప్రశ్న: పంచాయతీ డబ్బులు ఎటుపోయాయో తెలియాలంటే గ్రామసభలో నిలదీయాలా, ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు) వేయాలా? ముందే చెప్పేస్తున్నా, నా ఓటు ఆర్టీఐకే.

అలాగని గ్రామసభను తీసిపారేయను. జమాఖర్చులూ ఆడిట్ రిపోర్టూ అక్కడ పెట్టాలని పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది, పదిమందిలో అడిగితే ఆ మాటకు బరువూ ఉంటుంది. కాకపోతే చేతిలో కాగితం లేకుండా లేచి ‘కాలువకి ఎంతయింది?’ అంటే ‘రికార్డు చూసి చెప్తాం, కూర్చో బాబూ’ అంటారు, అక్కడితో సరి.

సోషల్ ఆడిట్ గట్టిదే. మన రాష్ట్రంలో 2006 నుంచీ ఉంది. మస్టరు (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, పనికి వెళ్లారా, కూలి పడిందా అని అడుగుతారు, తేలిన తేడాలు మండలంలో అందరి ముందు విచారించే ప్రజావేదికకి వస్తాయి. అయితే అది ప్రధానంగా ఉపాధి పనులకే. ఆర్థిక సంఘం నిధులతో కట్టిన కాలువ సంగతి ఎవరు చూడాలి?

పంచాయతీ లెక్కలు పెట్టే ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో ఫోన్‌లోనే చెల్లింపుల ఓచర్లు కనిపిస్తాయి. ఏ పనికి ఎంత వెళ్లిందో నోట్ చేసుకోవడానికి చాలు, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దు. ప్రభుత్వ ఆడిట్ వాళ్లు వచ్చేసరికి పని పాతబడిపోతుంది.

నా లెక్కలో అసలు గుట్టంతా ఎం-బుక్కులో, అంటే కొలతల పుస్తకంలో ఉంటుంది. కాలువ పొడవెంత, వెడల్పెంత, లోతెంత అని కొలిచి రాసేది అందులోనే, బిల్లు అయ్యేదీ ఆ కొలతల మీదే. ఆ పేజీ జిరాక్సు చేతికొస్తే టేపు పట్టుకుని కాలువ దగ్గరికి వెళ్లొచ్చు, ఇక ఎవరినీ బతిమాలక్కర్లేదు. అది ఆర్టీఐతోనే వస్తుంది. ‘కాలువ ఎందుకు నాసిరకంగా ఉంది’ అని రాయకండి, దానికి జవాబు రాదు. ‘ఫలానా పని ఎస్టిమేట్, ఎం-బుక్ పేజీలు, ఓచర్ నకళ్లు ఇవ్వండి’ అని మాత్రమే రాయండి. గ్రామ స్థాయిలో దరఖాస్తు ఫీజు లేదు, మండలంలో 5 రూపాయలు. పుస్తకం ఇంజినీరింగ్ వాళ్ల దగ్గరుందని సెక్రటరీ అన్నా, 5 రోజుల్లో దరఖాస్తును వాళ్లకి పంపాల్సింది ఆయనే. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు. పనిని స్వయంగా తనిఖీ చేసే హక్కు, సిమెంటు శాంపిల్ అడిగే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి, ఎవరూ వాడరు గానీ.

లోటు లేకపోలేదు. ఊళ్లో సెక్రటరీ, సర్పంచ్, కాంట్రాక్టరు అందరూ తెలిసినవాళ్లే, దరఖాస్తు వేసింది ఎవరో సాయంత్రానికి రచ్చబండ దాకా పాకుతుంది. ఆ టెన్షన్ పడలేకపోతే ఒక దారుంది. దరఖాస్తుదారు ఆ ఊరివాళ్లే కానక్కర్లేదు, కారణమూ చెప్పక్కర్లేదు. మన ఊళ్లలో విశాఖలోనో హైదరాబాద్‌లోనో బావమరిది లేని ఇల్లు ఏది? ఆయన పేరు మీద స్పీడ్ పోస్టులో పంపించేయండి. కాగితాలొచ్చాక, వచ్చే గ్రామసభకి అవి పట్టుకుని మీరే వెళ్లండి.