పాత హార్మోనియం పెట్టెల బేరం: కడపలో ఐదేళ్ల తర్వాత

పగలు నాపరాళ్ల ఫ్యాక్టరీలో లెక్కలు రాస్తాను. సాయంత్రాలు, ఆదివారాలు పాత వాయిద్యాలు కొని, బాగు చేసి అమ్ముతాను. 2020లో మొదలైంది ఇది. కరోనాతో పెళ్లిళ్లు, జాతరలు ఆగిపోయి, ఆర్కెస్ట్రాలో వాయించే మావాడొకడు తన కీబోర్డు అమ్మిపెట్టమన్నాడు. ఫోటోలు తీసి ఫోన్లో పెడితే మూడు రోజుల్లో పోయింది. వాడు బలవంతంగా జేబులో పెట్టిన 500 చూసి ఇదేదో బాగుందే అనుకున్నా. ఇప్పటికీ బాగానే ఉంది. అయితే అప్పుడు నేననుకున్న బాగు వేరు.

తక్కువకు కొని ఎక్కువకు అమ్మితే చాలనుకున్నా. మొదటి ఏడాది అట్లాగే చేశా. ఏడాది చివర పెట్రోలు ఖర్చు తీసేసి చూస్తే మిగిలింది 9,000. నెలకు కాదు, ఏడాది మొత్తానికి. లెక్కలు రాసేవాడి ఇంట్లోనే ఇట్లా. ఇప్పుడు నెలకు సగటున ఐదారు వేలు మిగులుతోంది. బేరమాడే తెలివేమీ పెరగలేదు, స్క్రూడ్రైవర్ పట్టడం వచ్చింది. మూగ వస్తువును పలికిస్తేనే నాలుగు డబ్బులు.

అందులోనూ నాకు కలిసొచ్చింది హార్మోనియమే. మా జిల్లా సంగతి తెలిసినవాళ్లకు ఇది వింత కాదు. 1885లో సురభి నాటకాలు పుట్టింది ఇక్కడి సురభి గ్రామంలోనే. ఇక భజన చేయని పల్లె వెతికితే గానీ దొరకదు. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియంను గడప తొక్కనివ్వలేదు గానీ, మా పల్లెల్లో దానికేం మర్యాద తగ్గలేదు. అందుకే ఇప్పటికీ అటకల మీద హార్మోనీ పెట్టెలు దొరుకుతాయి. వాయించే పెద్దాయన పోయాక కొడుకులకు అది అడ్డం.

ఒంటిమిట్ట దగ్గర ఒక పల్లెలో అట్లాంటి పెట్టె చూడ్డానికి పోయా. "మా నాయన కాలం నాటిది అబ్బయా, అమ్మాలంటే మనసు రాలా. ఎలకలు కొరికేదాని కంటే ఎవరన్నా వాయించుకుంటే మేలు గదా" అన్నాడు ఇంటాయన. పై పలక ఎత్తి చూస్తే ఎలుకలు అప్పటికే కాపురం పెట్టాయి. వక్కపొడి పొట్లాల కాగితాలు చించి గూడు కట్టుకున్నాయి. దాని కింద చేత్తో రాసిన రాముడి పాట, సగం కాగితమే మిగిలింది. ఆయన ఆ సగం తీసుకుని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

కొనే ముందు నేను చేసే పరీక్ష చిన్నది. గాలి దారులు మూసే ముందువైపు గుబ్బలు, అంటే స్టాపర్లన్నీ మూసి, తిత్తి నిండా గాలి కొట్టి చెయ్యి వదిలేస్తా. మెల్లగా దిగితే సరే. ఐదు లెక్కపెట్టేలోపే చప్పబడిందంటే ఎక్కడో తోలు చిరిగింది, లేదా చెక్క చీలింది. తోలుకు అతుకు వేయొచ్చు. లోపలి పలక మా ఎండకు నిలువునా చీలి ఉంటే మాత్రం దండం పెట్టి లేచి వస్తా. తర్వాత ఒక్కో మెట్టూ నొక్కి వినాలి. ఏ మెట్టూ నొక్కకుండానే కూత వస్తుంటే స్ప్రింగు పని పట్టాలి, దానికి పెద్ద ఖర్చు కాదు.

రీడంటే గాలికి అదిరి స్వరం పలికే ఇత్తడి నాలుక. పలకని రీడు చాలాసార్లు చచ్చిపోయి ఉండదు, దుమ్ము పట్టి ఉంటుంది. పలచటి కాగితం ఆ నాలుక కింద దూర్చి మెల్లగా లాగితే గొంతు విప్పుతుంది. శృతి తప్పితే బ్లేడు తీయాలి. నాలుక కొన దగ్గర గీకితే స్వరం పైకి పోతుంది, మొదలు దగ్గర గీకితే కిందికి దిగుతుంది. గీకింది మళ్లీ అతకదు కాబట్టి రెండు గీతలు గీయడం, ఫోన్లో ట్యూనర్ చూసుకోవడం, మళ్లీ రెండు గీతలు. తొలి రోజుల్లో ఓపిక లేక ఒక మంద్ర షడ్జం (కింది స్థాయి 'స') రీడును విరిచేశా. గుజరాత్‌లోని పాలితానా రీడ్లున్న పెట్టె అయితే చెక్క ఎంత పాడైనా వదలను, రీడ్లు తీసి ఇంకో పెట్టెలో వేసుకోవచ్చు.

ఆ ఒంటిమిట్ట పెట్టెకు 3,500 ఇచ్చా. తోలు, స్ప్రింగులు, పాలిష్ కలిపి 1,300 అయింది. నాలుగు ఆదివారాలు దాని మీదే కూర్చున్నా. కార్తీకంలో ఒక అయ్యప్ప భజన బృందం 8,000కు తీసుకుంది. అంటే ఆదివారానికి 800 కూలి. మేస్త్రీకి చెబితే నవ్వుతాడు. గిరాకీ అంతా కార్తీకం నుంచి సంక్రాంతి దాకానే, మళ్లీ శ్రీరామనవమికి కాస్త. మిగతా నెలల్లో అమ్మాలని చూస్తే అడిగిన ధరకు ఇచ్చేయాల్సిందే. ఆ నెలలు కొనడానికి వాడుకోవాలి.

గిటార్ల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో కొంటారు, రెండో ఏడాదిలో అమ్ముతారు. నా చేతిలో నష్టం లేకుండా పోయేది యమహా ఎఫ్310 ఒక్కటే. మెడ వంగిందేమో చూడాలంటే అన్నిటికన్నా లావు తీగను మొదటి ఫ్రెట్ (మెడ మీది లోహపు మెట్టు) దగ్గరా చివరి ఫ్రెట్ దగ్గరా నొక్కిపట్టి మధ్యలో సందు చూడాలి. పోస్టుకార్డు దూరేంత ఉంటే మంచిదే. అగ్గిపుల్ల దూరితే ఆ గిటార్ రేకుల షెడ్డులో ఎండిందని అర్థం.

కీబోర్డుల్లో నేను చేసిన తప్పు చెబుతా, మీరు చేయకండి. అడాప్టర్ పిన్ను దూరింది కదా అని యమహా వాళ్ల 12 వోల్టుల అడాప్టర్ ఒక పాత క్యాసియోకి పెట్టా. దానికి కావలసింది 9 వోల్టులు, పైగా పిన్ను లోపలి వైపు మైనస్. సన్నగా కాలిన వాసన వచ్చింది, అంతే. 2,800 గోవిందా. అప్పటినుంచి అడుగున స్టిక్కర్ మీద వోల్టులు, ప్లస్ మైనస్ బొమ్మ చదవకుండా ప్లగ్గు పెట్టను.

వీణ జోలికి పోవాలంటే మా ఎండలతో ఒప్పందం చేసుకుని పోవాలి. వీణ మీది 24 మెట్లూ మైనంలో నిలబడి ఉంటాయి. మే నెలలో ప్రొద్దుటూరులో ఒకటి కొని కారు డిక్కీలో పెట్టి, దారిలో పెళ్లి భోజనానికి ఆగా. ఇంటికొచ్చి చూస్తే మెట్లు బస్సులో నిద్రపోయిన ప్రయాణికుల్లా పక్కకు ఒరిగి ఉన్నాయి. మళ్లీ మేళం కట్టించేసరికి, అంటే మైనంలో మెట్లు తిరిగి నిలబెట్టించేసరికి, లాభం పోయి, చేతి నుంచి 2,000 పడింది. ఇంకోసారి ఏనుగు దంతం పొదిగిన పాత వీణ వచ్చింది. ఎంత అందంగా ఉందో! 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దంతం బేరమే నేరం. ఉచితంగా ఇచ్చినా ముట్టుకోనని చెప్పేశా.

ఆన్‌లైన్లో టెన్షన్ పెట్టేది కొనేవాళ్ల వేషంలో వచ్చే దొంగలు. వస్తువు చూడరు, బేరమాడరు, మిలిటరీలో ఉన్నామంటారు, డబ్బు పంపుతున్నాం స్కాన్ చేయమని క్యూఆర్ కోడ్ పెడతారు. మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదు. బేరమాడకుండా హార్మోనియం కొంటానన్నప్పుడే అనుమానం రావాలి.

మొత్తానికి ఈ బేరానికి నేనైతే ఐదుకు మూడున్నర మార్కులు ఇస్తా. చెవి లేనివాళ్లు, ఆదివారం నిద్ర కావాలనుకునేవాళ్లు దిగొద్దు. మా ఆవిడను అడిగితే ఒకటే ఇస్తుంది. నట్టింట్లో మూడు పెట్టెలు, అమ్ముడుపోని రెండు తబలా జతలు, ఒక విరిగిన వయొలిన్ ఉన్నాయి మరి. దీపావళికల్లా అన్నీ కదలాలని గడువు పెట్టింది. నిన్న మైదుకూరు నుంచి ఫోన్ వచ్చింది. రెండు పెట్టెలున్నాయట, ఎలుకలు ముట్టలేదట. ఆదివారం పొద్దున్నే వస్తానని చెప్పా. ఆవిడకు ఇంకా చెప్పలేదు.