మేసన్ లాడ్జిలో ప్రశ్నల పరీక్ష: నేర్పిన మాస్టారికి అయిదు స్టార్లు, లాడ్జికి మూడే

మాది బరంపురం, గంజాం జిల్లా. ఇక్కడి ఫ్రీమేసన్ లాడ్జిలో (దిగే హోటల్ లాడ్జి కాదు, ఫ్రీమేసన్లనే సోదర సంఘం వాళ్ళ శాఖ) చేరదామనుకునే తెలుగువాళ్ళ కోసం రాస్తున్నాను. లాడ్జి పేరు చెప్పను. గుర్తులూ సంకేతాలూ అసలే చెప్పను, ప్రమాణం చేసినవాణ్ణి.

చేరడంతో పని అయిపోదండీ. ఇందులో మూడు మెట్లు, వాటినే డిగ్రీలంటారు. ఎంటర్డ్ అప్రెంటిస్ నుంచి ఫెలో క్రాఫ్ట్‌కి, అక్కణ్ణుంచి మాస్టర్ మేసన్‌కి పోవాలంటే ప్రతిసారీ సభలో నిలబడి ప్రశ్నలకి జవాబులు అప్పజెప్పాలి. అంతా ఇంగ్లీషే, అదీ తాతలకాలం ఇంగ్లీషు. పుస్తకం ఉంది కదా అంటారేమో, అసలైన మాట వచ్చేచోట ఒక అక్షరం వేసి పక్కన చుక్కలు పెడతారు. నోటితో చెప్పేవాడు లేకపోతే ఆ పుస్తకం ఎందుకూ పనికిరాదు.

మాకు చెప్పినాయనకి పెద్ద బజార్లో పట్టుచీరల కొట్టు. రాత్రి షట్టరు సగం దించాక వెనక గదిలో పాఠం. లాడ్జిలో ఆయన్ని 'బ్రదర్' అనాలి. మా నాన్న ఈడు మనిషి, నాకు నోరు రాదు. కొట్లో మాత్రం మాస్టారూ అనే పిలుస్తాం, ఆయనా ఏమీ అనరు. నాతోపాటు నేర్చుకున్న ఒడియా కుర్రాడికి తెలుగు బాగానే వచ్చు. ఒకరోజు జవాబులన్నీ బిల్లు కాగితం వెనక ఒడియాలో రాసుకొచ్చాడు. మాస్టారు ఆ కాగితం లాక్కుని ముక్కలు చేసి తన జేబులోనే వేసుకున్నారు. చెత్తబుట్టని కూడా నమ్మలేదు. "రాయనని ప్రమాణం చేశావా లేదా బాబూ? ఊఁ, మళ్ళీ మొదట్నించీ."

వట్టి బట్టీయే అయితే ఇంత పొగడను. మొదటి డిగ్రీలో నీతి చెప్పడానికి వాడే పనిముట్లు మూడు: 24 అంగుళాల కొలబద్ద, సుత్తి, ఉలి. సుత్తి అంటే మనస్సాక్షి, ఉలి అంటే చదువు. కొలబద్ద అంటే రోజుకున్న 24 గంటలు: కొంత ప్రార్థనకి, కొంత పనికీ విశ్రాంతికీ, కొంత కష్టంలో ఉన్న స్నేహితుడికి. ఇది చెబుతూ మాస్టారు గుడ్డ కొలిచే మీటరు బద్ద తీసి నా ముందు పెట్టి, "ఇందులో నీ సెల్‌ఫోన్ ఎన్ని అంగుళాలో చూపించు" అన్నారు. ఏం చూపిస్తాను!

లాడ్జిలో పరీక్ష మాత్రం తేలిపోయింది. డీకన్ అనే లాడ్జి అధికారి మన చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడతాడు, తడబడితే అందిస్తాడు. అది పద్ధతే, కాదనను. కానీ నా ముందతను సగం జవాబులు డీకన్ వెనకాలే పలికి గట్టెక్కేశాడు. ఇంకెవరైనా ప్రశ్నలు అడుగుతారా అని వర్షిప్‌ఫుల్ మాస్టర్, అంటే లాడ్జి పెద్ద, ఆనవాయితీగా అడిగితే ఒక్కరూ నోరు విప్పలేదు. పక్క హాల్లోంచి అప్పటికే భోజనాల వాసన వచ్చేస్తోంది మరి. అమెరికాలో టెక్సస్ గ్రాండ్ లాడ్జి అయితే ఈ పాఠం ఎవరికెంత వచ్చో తేల్చి ఎ, బి, సి అని సర్టిఫికెట్లిస్తుంది. ఇక్కడ అంత హడావుడి అక్కర్లేదు గానీ, కష్టపడి నేర్చుకున్నవాణ్ణి ఒక్క ప్రశ్నయినా అదనంగా అడిగితే బాగుండేది. పైగా తేదీ చెప్పి వాయిదా వెయ్యడం వీళ్ళకి మామూలే. ఛత్రపురం, ఇచ్ఛాపురం నుంచి వచ్చేవాళ్ళు బయల్దేరేముందు ఫోన్ చేసుకోండి.

వ్యాపారానికి పరిచయాలు దొరుకుతాయని చేరేవాళ్ళకి నేనైతే వద్దనే చెబుతాను. దేవుడున్నాడని నమ్మాలి, ఏ దేవుడని అడగరు. చందా, సభలో కట్టుకునే ఏప్రన్, భోజనాల ఖర్చు ముందే తేల్చుకోండి. మాస్టారు పాఠానికి పైసా తీసుకోరు. కాకపోతే మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్ర రోజుల్లో పాఠం ఉండదు, పెళ్ళిళ్ళ సీజన్లో కొట్టు ఆలస్యంగా మూస్తారు. భోంచేసే వెళ్ళండి.