అమెరికా యుద్ధనౌకల రంగుల చిప్ కార్డు: కొన్నేళ్లు వాడాక

ఓడల మోడళ్లు చేసి రంగులేసేవాళ్లు రంగు సరిచూసుకోవడానికి వాడే ఈ కార్డులో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒక్కటే: ఇది ప్రింటు కాదు, నిజం పెయింటు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నేవీ వాడిన క్యామోఫ్లాజ్ రంగుల్ని మాట్ (మెరవని) పెయింటుతో చిన్న ముక్కల (చిప్పుల) మీద వేసి అట్టకు అంటించారు. ఏయే షేడ్లున్నాయో అమ్మేవాళ్లే రాస్తారు, అది వదిలేస్తున్నా.

నలుపు తెలుపు ఫొటోలు చూసి రంగు తేల్చడం అయ్యే పని కాదు. ఎరుపు వెలుగు పట్టని ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్ మీద ఎరుపు నల్లగా, నీలం ఉన్నదానికన్నా లేతగా పడుతుంది. పెర్ల్ హార్బర్ దాడి రోజున అరిజోనా అనే యుద్ధనౌక ముదురు బూడిద రంగులో ఉందా, 5-ఎస్ సీ బ్లూలో (5-ఎస్ లాంటివి నేవీ పెయింట్ల కోడ్లు) ఉందా అని ఏళ్ల తరబడి వాదించుకున్నారు మరి. పోనీ యుద్ధకాలం నాటి అసలు చిప్పులు చూద్దామంటే అవి ఆయిల్ పెయింటువి. లిన్సీడ్ ఆయిల్ చీకట్లో ఉంటే పసుపెక్కుతుంది, నీలానికి ఆ పసుపు తోడైతే ఆకుపచ్చ ఛాయ వచ్చేస్తుంది. అందుకే మన్సెల్ (రంగుని అంకెల్లో చెప్పే పద్ధతి) కొలతల ప్రకారం కొత్తగా కలిపి చేసిన చిప్ చేతిలో ఉండటం నాకు పెద్ద విషయం.

ఫ్లెచర్ క్లాస్ డిస్ట్రాయర్ మోడల్‌కి మెజర్ 22 వేస్తున్నప్పుడు దీని విలువ పూర్తిగా తెలిసింది. మెజర్ 22 అంటే నేవీ క్యామోఫ్లాజ్ పథకాల్లో ఒకటి. అందులో హల్‌కి (ఓడ ఒంటికి) 5-ఎన్ నేవీ బ్లూ, దాని పైన 5-హెచ్ హేజ్ గ్రే, డెక్కులకి 20-బి డెక్ బ్లూ. 5-ఎన్ అని లేబుల్ ఉన్న రెడీమేడ్ బాటిల్ ఒకటి తెచ్చాను, ఏ కంపెనీదో చెప్పను. రాత్రి ఎల్ఈడీ బల్బు కింద ఆరిన పూత పక్కన కార్డు పెడితే అచ్చు గుద్దినట్టు సరిపోయింది. తెల్లారి కిటికీ దగ్గర చూస్తే హల్ వంగపండు రంగులోకి వెళ్లిపోయింది, చిప్ మాత్రం నీలంగానే ఉంది! రెండింట్లో పిగ్మెంట్లు వేరైతే ఒక వెలుగులో కలిసిన రంగులు ఇంకో వెలుగులో విడిపోతాయి. ఆ బాటిల్లోనే ఒక్కో చుక్క ముదురు ఆకుపచ్చ కలుపుతూ, పాత ప్లాస్టిక్ స్పూన్ల మీద పూసి, పూర్తిగా ఆరనిచ్చి, నేరుగా ఎండ పడని చోట చిప్ అంచుకి ఆనించి చూస్తూ పోయాను. చివరికి ఒక స్పూను మీద పూతకీ చిప్‌కీ మధ్య గీత కనపడలేదు, ఎంత సంతోషమేసిందో!

మొదట్లో రంగు విషయంలో ఈ కార్డుదే ఆఖరి మాట అని అడిగినవాళ్లకల్లా చెప్పేవాణ్ని. ఇప్పుడు నేవీ ఆదేశాల్లో ఉన్న రంగుకి మాత్రమే ఇది ఆఖరి మాట అంటాను. అప్పట్లో 5-యూ అనే తెల్ల బేస్‌లో 5-టీఎమ్ అనే రంగు ముద్ద నౌక మీదే కలుపుకునేవాళ్లు, ఆపైన ఎండకీ ఉప్పునీటికీ రంగు వెలిసిపోయేది. 1945లో నీలం పిగ్మెంటు కొరతతో నీలం ఛాయ లేని బూడిద రంగులకి మారారు, అవి ఈ కార్డులో లేనే లేవు. ఇంకోటి, మాట్ పూత వేలి జిడ్డుని అస్సలు తట్టుకోదు. నా 20-బి చిప్ ఒక మూల మెరుస్తోంది, ఆ మూలని ఇక నమ్మను.

నేను చేసేవి దాదాపు అన్నీ 1942-44 నాటి అమెరికా నౌకలే, నేరుగా ఎండ పడకుండా రంగులు చూడటానికి ఇంట్లో ఉత్తరం వైపు కిటికీ ఉంది, కాబట్టి నాకు డబ్బులు గిట్టుబాటయ్యాయి. ఒక్క మోడల్ కోసమైతే, అందులోనూ కస్టమ్స్ కట్టి తెప్పించుకోవాలంటే, కొనమని చెప్పలేను. బ్రిటిష్ నౌకలు చేసేవాళ్లకి ఇది పనికిరాదు. 1945 గ్రేలతో ఇలాంటిదే ఇంకో కార్డు తెస్తే మాత్రం నేను కొంటాను.