కాటమరాన్‌కి ఎలక్ట్రిక్ మోటార్లు వేయిస్తున్నారా? బ్యాటరీ పెట్టెల మూతలు తీయించకుండా డబ్బు కట్టకండి

మొన్న సాయంత్రం మా కాటమరాన్, అంటే రెండు హల్‌లు (పడవ దేహాలు) పక్కపక్కన కలిపి ఉన్న తెరచాప బోటు, రాళ్ళకి కొట్టుకోవాల్సింది. లంగరు పట్టింది కాబట్టి ఈ రోజు ఇది రాస్తున్నాను. కోపం ఇంకా చల్లారలేదు, రాయడంలో వరస తప్పితే క్షమించండి.

అవుట్‌బోర్డులు (బోటు వెనక బిగించే పెట్రోల్ ఇంజిన్లు) తీసేసి ఎలక్ట్రిక్ పెట్టే ఆ మనిషి ఎవరో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. మా రెండు 9.9 హార్స్‌పవర్ ఇంజిన్లు దించి, 6 కిలోవాట్ల మోటార్లు రెండు, లిథియం బ్యాటరీలు పెట్టాడు. ఎడమ హల్ మోటారుకి ఎడమ బ్యాటరీ, కుడి దానికి కుడి బ్యాటరీ, దేని దారి దానిదే, రెండూ కలిపి 20 యూనిట్లు అని చెప్పాడు. నేను ఒప్పుకున్నదే ఆ మాట మీద. ఒక ఇంజిన్ పోయినా ఇంకోటి ఉంటుందనే కదా ఇలాంటి బోటు మీద మనకంత ధీమా!

ట్రయల్ రోజు గాలి లేదు, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. సగం త్రాటిల్ కూడా ఇవ్వకుండా తిరిగొచ్చాం. చప్పుడు లేదు, పెట్రోల్ వాసన లేదు, చాలా సంతోషపడ్డాను. ఫుల్ త్రాటిల్‌లో ఓ పది నిమిషాలు చూద్దామంటే "బ్యాటరీ దండగ ఎందుకండీ" అన్నాడు. సరేనన్నాను. బోటు వేగం సగానికి తగ్గితే దానికి కావాల్సిన పవర్ ఇంచుమించు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అంటే ఆ రోజు మోటారుకి గానీ వైర్లకి గానీ పరీక్షే జరగలేదు. ఈ లెక్క నాకు తెలుసు. తెలిసి కూడా నోరు మూసుకున్నందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను. ఆ తర్వాత ఛార్జ్ శాతం అనుకున్నదానికన్నా త్వరగా పడిపోతుండటమూ చూశాను, కొత్త కదా అని సర్దిచెప్పుకున్నాను.

మొన్న మొగలోంచి (నీరు సముద్రంలో కలిసే చోటు) లోపలికి వస్తున్నాం. ఆటు నీరు బయటికి లాగుతోంది, పైగా ఎదురుగాలి. తెరచాపతో అటూ ఇటూ తిప్పుకుంటూ వచ్చేంత వెడల్పు అక్కడ లేదు, అందుకే దించేశాం. రెండు లీవర్లూ పూర్తిగా ముందుకి తోశాను. డిస్‌ప్లేలో 62 శాతం చూపిస్తోంది. నిమిషం కూడా కాలేదు, కాళ్ళ కింద టక్‌మని చప్పుడు. రెండు మోటార్లూ ఒక్కసారే ఆగిపోయాయి. డిస్‌ప్లే ఆరిపోయింది. మా ఆవిడ ముందుకి పరిగెత్తి లంగరు వదిలింది. మొదటిసారి పట్టకుండా జారింది. ఇంకా గొలుసు వదిలితే అప్పుడు పట్టింది. బోటు నిలబడేసరికి వెనక రాతి గట్టుకి మూడు బోట్ల దూరం ఉంది, అంతే.

రెండు వేరు వేరు బ్యాటరీలైతే రెండూ ఒకేసారి ఎలా ఆగుతాయి? ఎవరో పుణ్యాత్ములు లోపలికి లాక్కొచ్చి కట్టేశాక, రాత్రి టార్చి పెట్టుకుని కుడి పెట్టె మూత విప్పాను. అందులో లిథియం బ్యాటరీ లేదు. కేబిన్ లైట్లకి వాడుకునే మా పాత లెడ్ యాసిడ్ బ్యాటరీలు, బోటు ఒక పక్కకి ఒరగకుండా తెచ్చి అందులో కూర్చోబెట్టాడు. కుడి మోటారు కేబుల్ కూడా ఎడమ పెట్టెలోకే వెళ్ళింది. అక్కడ ఉన్నది ఒకటే బ్యాటరీ, 51.2 వోల్టులు, 200 ఆంపియర్ అవర్లు, అంటే 10 యూనిట్ల చిల్లర. దానికి ఒకటే బీఎంఎస్ (కరెంటు హద్దు దాటితే బ్యాటరీని కట్ చేసి కాపాడే సర్క్యూట్), దాని మీద హద్దు 200 ఆంపియర్లని రాసి ఉంది. రెండు మోటార్లూ పూర్తిగా తిరిగితే 12 కిలోవాట్లు, ఆ వోల్టేజీ దగ్గర 230 ఆంపియర్లు దాటుతుంది. బీఎంఎస్ తన పని తాను చేసి కట్ చేసింది. ఇది ఎప్పుడో ఒకప్పుడు జరగాల్సిందే, అది మొగలో జరిగింది.

కేబుల్ చివర బిగించే లోహపు కొనని, అదే లగ్‌ని, క్రింపింగ్ టూల్‌తో నొక్కలేదు, సుత్తి దెబ్బల గాట్లు కనిపిస్తున్నాయి. దాని ఎర్ర స్లీవ్ మాడి గోధుమ రంగుకి తిరిగింది, గోరు తగలగానే పొరలా ఊడొచ్చింది. చెక్క పలకకి అటువైపే మేం పడుకునే మంచం.

పొద్దున్నే ఫోన్ చేశాను. అంతా విని అతను అన్న మాట ఇది: "ఫుల్ త్రాటిల్ ఎవరివ్వమన్నారండీ? మీది తెరచాప బోటు. తెరచాప ఎత్తుకోవాల్సింది." రెండో బ్యాటరీ ఏదని అడిగితే జవాబు లేదు. పోనీ నా ఇంజిన్లు నాకిచ్చెయ్యమన్నాను. "అవి ఎప్పుడో అమ్మేశా. బోటు నడపడం రాకపోతే నేనేం చేస్తాను" అని పెట్టేశాడు. డబ్బు పోయినదానికన్నా ఆ మాటే ఎక్కువ మండుతోంది. లంగరు దగ్గర గొలుసు వదిలి చేతులు కోసుకుపోయిన మనిషి అప్పుడు నా పక్కనే ఉంది, స్పీకర్లో ఆ మాట తనూ విన్నది.

ఎలక్ట్రిక్ చెడ్డదని నేననడం లేదు. సరిగ్గా పెట్టించుకున్నవాళ్ళు హాయిగా తిరుగుతున్నారు. కానీ గాలి ఉన్న రోజు, ఎదురు నీటిలో, ఫుల్ త్రాటిల్ ట్రయల్ కాకుండా ఆఖరి వాయిదా కట్టకండి. పాత అవుట్‌బోర్డులు కనీసం ఒక సీజన్ మీ దగ్గరే ఉంచుకోండి. అతని దగ్గర ఇప్పటికే పని చేయించుకున్నవాళ్ళయితే బోటు బయటికి తీసేముందు రెండు పెట్టెలూ విప్పి చూడండి, బీఎంఎస్ మీద ఆంపియర్లు ఎంతని రాసుందో, ఒక్కొక్క కేబుల్ ఎక్కడికి వెళ్తోందో. నాలాగే ఒకే బ్యాటరీ కనిపిస్తే నాకు మెసేజ్ పెట్టండి, నా ఫోటోలన్నీ పంపిస్తాను, కలిసి ఫిర్యాదు చేద్దాం.