ఓల్డ్ ట్రాఫర్డ్ గేటు దాకా వెళ్ళి వెనక్కొచ్చాం, ప్రెస్టన్‌లో మాత్రం కడుపు నిండింది

ముందే చెప్పేస్తున్నా, ఇంగ్లండ్ వెళ్ళి ఫుట్‌బాల్ మ్యాచ్ చూడాలనుకునేవాళ్ళు క్లబ్ సొంత సైట్‌లో తప్ప ఇంకెక్కడా టికెట్ కొనకండి. గూగుల్‌లో పైన కనిపించే సైట్లు, "గ్యారంటీ టికెట్" అని రాసుకునే సైట్లు, వాట్సాప్‌లో "అన్నా మనోడే ఉన్నాడు ఇప్పిస్తాడు" అనేవాళ్ళు, అందరికీ ఒక దండం పెట్టి పక్కకి జరిగిపోండి.

2025 మార్చ్‌లో నేను, మా ఆవిడ, మా బావమరిది వెళ్ళాం. వాడికి కాలేజీ రోజుల నుంచీ మాంచెస్టర్ యునైటెడ్ పిచ్చి, మ్యాచ్ నడుస్తుంటే పెళ్ళిసంబంధాల ఫోన్లు కూడా ఎత్తడు. మార్చ్ 9 ఆదివారం వాళ్ళ గ్రౌండ్ ఓల్డ్ ట్రాఫర్డ్‌లో ఆర్సెనల్‌తో మ్యాచ్ ఉందని తెలిసిన దగ్గర్నుంచీ వాడికి నిద్ర లేదు. క్లబ్ సైట్‌లో మెంబర్లకే అయిపోయాయి అని వస్తోందంట, అందుకని ఎవరికీ చెప్పకుండా ఏదో సైట్‌లో రెండు టికెట్లు కొనేశాడు, ఒక్కోటి 189 పౌండ్లు. మొత్తం 378, మన డబ్బుల్లో 42 వేల పైమాటే. ఆ సీజన్ మధ్యలో యునైటెడ్ వాళ్ళు మెంబర్ టికెట్ 66 పౌండ్లు చేశారు, పిల్లలకీ పెద్దవాళ్ళకీ తగ్గింపు కూడా తీసేశారు, దాని మీద అక్కడి ఫ్యాన్స్ ఎంత గోల చేశారో వార్తల్లో వచ్చింది. అంటే అక్కడివాళ్ళు దోపిడీ అని తిట్టుకుంటున్న రేటుకి దాదాపు మూడింతలు మావాడు నవ్వుతూ కట్టాడు.

మ్యాచ్‌కి రెండు గంటల ముందు మెసేజ్, ఫలానా చోట నిలబడండి మనిషి వస్తాడు అని. చలిలో ఒక చికెన్ షాపు ముందు ముప్పావు గంట నిలబడ్డాం. టోపీ పెట్టుకున్న కుర్రాడొకడు వచ్చి మా ఫోన్లలో ఏవో పాస్‌లు ఎక్కించి, చూసేలోపే జనంలో కలిసిపోయాడు. గేటు దగ్గర ఫోన్ పెడితే ఎర్ర లైటు. ఇంకోసారి పెట్టినా ఎర్ర లైటే. అక్కడున్న స్టీవార్డ్ పాపం మర్యాదగానే మాట్లాడాడు, ఈ పాస్ బ్లాక్ చేసేశారు బాబూ, దీని మీద ఉన్న పేరు నీది కాదు కదా అన్నాడు. అనుమతి లేకుండా ఫుట్‌బాల్ టికెట్లు తిరిగి అమ్మడం ఇంగ్లండ్‌లో 1994 చట్టం ప్రకారం నేరం, అయినా ఈ వ్యాపారం ఆగదు, ఎవరిదో సీజన్ పాస్ తెచ్చి మనలాంటి వాళ్ళకి అంటగడతారు, క్లబ్‌కి అనుమానం వస్తే పాస్ ఆపేస్తుంది, మధ్యలో పోయేది మనమే. డబ్బులు వెనక్కివ్వమని సైట్ వాళ్ళకి రాస్తే "మీరు సమయానికి రాలేదు" అని జవాబు!

ఇక చేసేదేముంది, పక్కన పబ్‌లో నిలబడి టీవీలో చూశాం. సగం ఆట ముగిసేముందు బ్రూనో ఫెర్నాండెజ్ ఫ్రీకిక్ కొడితే పబ్బంతా ఊగిపోయింది, గోడకి ఆనుకున్న మావాడు మాత్రం ఉలకలేదు పలకలేదు. తర్వాత డెక్లన్ రైస్ సమం చేశాడు, 1-1. ఆ సీజన్‌లో యునైటెడ్ చివరికి 15వ స్థానంలో ముగిసింది, నేనప్పుడప్పుడూ వాడికి గుర్తుచేస్తుంటా.

మాంచెస్టర్‌లో దిగిన హోటల్ గురించి కూడా రెండు ముక్కలు. మామూలు రోజు 74 పౌండ్లు ఉన్న రూమ్ మ్యాచ్ రాత్రికి 162 అయ్యింది, పైగా కార్డు మీద 50 డిపాజిట్ పట్టుకున్నారు. కిటికీ తీస్తే చేతికందేంత దూరంలో పక్క బిల్డింగ్ గోడ. హీటర్ పని చేయట్లేదని కిందకెళ్ళి చెప్తే ఇంకో దుప్పటి చేతిలో పెట్టారు. మా ఆవిడ ఆ రాత్రి స్వెట్టర్ మీద స్వెట్టర్ వేసుకుని పడుకుని, "162 పౌండ్లకి మనింట్లో ఏసీ కొనుక్కోవచ్చు" అని అరగంటకోసారి అంటూనే ఉంది.

మర్నాడు నేషనల్ ఫుట్‌బాల్ మ్యూజియం, బాగుంది, టికెట్ డబ్బులు దండగ కాదు. లివర్‌పూల్ పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చేశాం. అక్కడ లివర్‌పూల్ జట్టు గ్రౌండ్ ఆన్‌ఫీల్డ్‌కీ, ఎవర్టన్ వాళ్ళ గ్రౌండ్ గుడిసన్ పార్క్‌కీ మధ్యలో స్టాన్లీ పార్క్ ఒక్కటే అడ్డం, నడుచుకుంటూ పోవచ్చు. తమాషా ఏంటంటే ఆన్‌ఫీల్డ్‌లో మొదట అద్దెకున్నది ఎవర్టన్ వాళ్ళు, అద్దె గొడవై 1892లో పార్కు అవతలికి వెళ్ళిపోతే ఖాళీ గ్రౌండ్ పెట్టుకుని ఏం చేస్తాం అని లివర్‌పూల్ క్లబ్ పెట్టారు. మేం వెళ్ళినప్పుడు గుడిసన్‌లో ఎవర్టన్ మగవాళ్ళ జట్టుకి అదే ఆఖరి సీజన్.

తర్వాత బ్లాక్‌బర్న్. ఇది మా ఆవిడ కోరిక, ఎందుకంటే అక్కడి జట్టు ఓనర్లు వెంకీస్ వాళ్ళని ఎవరో చెప్పారు. "మన వెంకీస్ చికెనా?" అని నమ్మలేదు. అవును అదే, ఆఫీసు పుణెలో, 2010 నవంబర్‌లో కొన్నారు. ఇదేమీ చిన్న జట్టు కాదు, 1994-95లో అక్కడి పై అంచె అయిన ప్రీమియర్ లీగ్ గెలిచారు, ఎఫ్‌ఏ కప్ అనే నాకౌట్ టోర్నీ ఆరుసార్లు. కొత్త ఓనర్లు వచ్చాక 2012లో ప్రీమియర్ లీగ్ నుంచి కింది అంచెకి దిగారు, ఆ దిగిపోయిన రోజు విగన్‌తో మ్యాచ్‌లో ఎవరో బ్లాక్‌బర్న్ జెండా చుట్టి బతికున్న కోడిని గ్రౌండ్‌లోకి వదిలారు. 2017లో ఇంకో మెట్టు కిందకి పోయి ఏడాదిలో తిరిగి పైకొచ్చారు. వాళ్ళ గ్రౌండ్ ఈవుడ్ పార్క్ బయట జాక్ వాకర్ విగ్రహం దగ్గర ఒక పెద్దాయన మా మొహాలు చూసి, "మీరు ఓనర్ల తాలూకా?" అని సగం నవ్వుతూ సగం సీరియస్‌గా అడిగాడు. కాదండీ హైదరాబాద్, మేం ఆ చికెన్ తినేవాళ్ళం మాత్రమే అంటే నవ్వేసి, వాకర్ గురించి పావుగంట చెప్పాడు, ఆ ఊరి స్టీలు వ్యాపారి, సొంత డబ్బు పోసి టైటిల్ గెలిపించిన మనిషి అని చెప్తుంటే గొంతు మారిపోయింది. ఊళ్ళో గుజరాతీలు చాలామంది, తిండికి ఇబ్బంది లేదు, ముగ్గురం 31 పౌండ్లకి కడుపునిండా తిన్నాం.

ఇప్పుడు ప్రెస్టన్. బ్లాక్‌బర్న్ నుంచి రైల్లో ఇరవై నిమిషాలు. 1888లో ఫుట్‌బాల్ లీగ్ మొదలైనప్పుడు ఉన్న పన్నెండు క్లబ్బుల్లో ఇక్కడి క్లబ్ ఒకటి, మొదటి సీజన్‌లోనే ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా లీగ్ కొట్టి, అదే ఏడు ఎఫ్‌ఏ కప్ కూడా ఎత్తుకుపోయింది. మేం వెళ్ళినప్పుడు రెండో అంచె అయిన చాంపియన్‌షిప్‌లో ఉంది. క్లబ్ సైట్‌లో ఈమెయిల్ ఇచ్చి కార్డు కొడితే రెండు నిమిషాల్లో టికెట్లు, ఒక్కొక్కరికి 28 పౌండ్లు. మెంబర్‌షిప్ లేదు, టోపీ కుర్రాడు లేడు. గెస్ట్‌హౌస్‌లో ఇద్దరి రూమ్ 62, బావమరిదికి సింగిల్ 41, పొద్దున టిఫిన్ కలిపే. ఓనరమ్మ మా ఆవిడ గుడ్డు తినదని తెలిసి బీన్స్, పుట్టగొడుగులు, టొమాటో వేయించి విడిగా పెట్టింది, దానికి ఒక్క పెన్నీ ఎక్కువ తీసుకోలేదు.

వాళ్ళ డీప్‌డేల్ గ్రౌండ్ బయట ప్రెస్టన్ పాత ఆటగాడు టామ్ ఫిన్నీ విగ్రహం ఉంది, నీళ్ళ గుంటలో జారుతూ బంతి వెంట పోతున్నట్టు, చుట్టూ ఫౌంటెన్ నీళ్ళు చిమ్ముతుంటాయి. 1956లో చెల్సీ గ్రౌండ్‌లో తీసిన ఫోటో చూసి చేశారంట. ఆయన ఇంగ్లండ్‌కి ఆడుతూ కూడా ప్లంబింగ్ పని మానలేదు. లోపల స్టాండ్లలో సీట్ల రంగులతోనే ఫిన్నీ మొహం, బిల్ షాంక్లీ మొహం వేశారు, జనం కూర్చుంటే మొహాలు మాయమైపోతాయి, మేం తొందరగా వెళ్ళాం కాబట్టి చూడగలిగాం. షాంక్లీ అంటే అందరికీ ఆయన మేనేజర్‌గా ఉన్న లివర్‌పూలే గుర్తొస్తుంది కదా, ఆటగాడిగా ఆయన 1938లో ఎఫ్‌ఏ కప్ గెలిచింది ప్రెస్టన్‌తోనే.

ఆటలో క్లాస్ ఏమీ లేదు, బంతి సగం సేపు గాల్లోనే ఉంది, మావాడు మొదట మొహం చిట్లించాడు. మా ఆవిడ మాత్రం వెనక సీట్లో ఫ్లాస్క్‌తో వచ్చిన పెద్దాయన్ని ప్రశ్నలతో చంపేసింది. ఐపీఎల్‌లో ఆఖర్న వచ్చినా మళ్ళీ ఏడాది హాయిగా ఆడతారు, ఇక్కడ 24 జట్లలో కింది మూడు దిగిపోవాల్సిందే అని ఆయన చెప్పాక ఆమె చూపు మారింది. "అంటే వీళ్ళు ఇప్పుడు ఓడితే ప్రమాదమా?" అని ప్రతి కార్నర్‌కీ నా చెయ్యి గట్టిగా పట్టుకోవడమే.

విరామంలో బటర్ పై. ఆలుగడ్డ, ఉల్లిపాయ, వెన్న, మిరియాలు, అంతే. లాంకషైర్‌లో కాథలిక్కులు శుక్రవారం మాంసం తినరు కాబట్టి పుట్టిన వంట. 4.20 పౌండ్లు, టీ 2.50. పైన పొర కరకరలాడుతూ, లోపల పొగలు కక్కుతూ, ఆ చలిలో వేళ్ళు కాచుకుంటూ తిన్నాం. ఇంగ్లండ్ వచ్చిన దగ్గర్నుంచీ చిప్స్ మీద బతుకుతున్న మా ఆవిడ రెండోది తెప్పించుకుంది. చివరి పది నిమిషాల్లో మావాడు కూడా లేచి నిలబడి రిఫరీని తెలుగులో తిట్టడం మొదలుపెట్టాడు, పక్కవాళ్ళకి అర్థం కాకపోయినా చప్పట్లు కొట్టారు.

మే 3న సీజన్ ఆఖరి మ్యాచ్‌లు, హైదరాబాద్‌లో మా ఆవిడ వంట ఆపి ఫోన్ పట్టుకుని కూర్చుంది. బ్రిస్టల్ సిటీతో 2-2 డ్రా చేసుకుని ప్రెస్టన్ బతికింది, లూటన్, ప్లిమత్, కార్డిఫ్ దిగిపోయాయి.

వెళ్ళేవాళ్ళకి: ఇద్దరు కలిసి తిరిగితే టూ టుగెదర్ రైల్‌కార్డ్ తీసుకోండి, మూడో వంతు తగ్గుతుంది, సోమవారం నుంచి శుక్రవారం దాకా మాత్రం పొద్దున తొమ్మిదిన్నర దాటాకే చెల్లుతుంది. ప్రెస్టన్ స్టేషన్ నుంచి డీప్‌డేల్‌కి అరగంట నడక, టాక్సీ అక్కర్లేదు. పై కావాలంటే విరామం విజిల్ కోసం ఆగకండి, ఐదు నిమిషాల ముందే లేచి లైన్లో నిలబడండి, మా వెనకవాళ్ళకి మాంసం పైలే మిగిలాయి.