రెండడుగుల అక్వేరియం కాంబో: తొట్టి తీసుకోండి, చేపల ప్యాకెట్ వదిలేయండి

హైదరాబాద్‌లోనైనా విజయవాడలోనైనా అక్వేరియం షాపుకెళ్లి చిన్నది చూపించమంటే ముందు బయటికొచ్చేది రెండడుగుల సెట్టే. 24 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 15 ఎత్తున్న గాజు తొట్టి, లైటున్న ప్లాస్టిక్ మూత, లోపల పెట్టే ఫిల్టర్ మోటారు, నాలుగైదు కిలోల రంగు రాళ్లు, వెనక అతికించే సముద్రం పోస్టరు, ఓ డబ్బా మేత. వీటితో పాటు ఓ ప్యాకెట్ 'మిక్స్‌డ్' చేపలు. కొన్నిచోట్ల చేపలు ఫ్రీ అంటారు కూడా. ఈ రివ్యూ ఏదో ఒక షాపు మీద కాదు, దాదాపు అన్నిచోట్లా ఇదే రూపంలో దొరికే ఈ కాంబో మీద.

తొట్టితో పెద్ద పేచీ లేదు. లెక్క ప్రకారం 70 లీటర్లు. పైన రెండంగుళాల ఖాళీ, అడుగున రాళ్లు తీసేస్తే పట్టే నీళ్లు 55 నుంచి 58 లీటర్లు. ఏ చేపలు, ఎన్ని అనేది ఈ 55 మీదే తేల్చుకోవాలి. గాజు 5 మిల్లీమీటర్లది ఇస్తుంటారు, 6 అడిగి తీసుకోండి. నీళ్లు నింపాక మొత్తం 80 కిలోల దాకా తూగుతుంది కాబట్టి టీవీ స్టాండు మీద పెట్టే వస్తువు కాదు. కింద తప్పనిసరిగా థర్మోకోల్ షీటు వేయాలి.

ఫిల్టర్ మోటారు ఈ సైజుకి గంటకి 300 లీటర్లు తోడితే చాలు. సెట్లో వచ్చేది తరచూ అంతకు రెట్టింపు ఉంటుంది, నీళ్లు సుడులు తిరుగుతాయి. దాని మూతిని గాజు వైపు తిప్పి పెడితే సరిపోతుంది. మోటారు గొప్పదైనా లోపలి స్పాంజి మాత్రం బొటనవేలంత. నీళ్లని శుభ్రం చేసే అసలు పని ఆ స్పాంజిలో పెరిగే బాక్టీరియాది కాబట్టి ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ ఒకటి అదనంగా పెట్టుకోవడం మంచిది. రంగు రాళ్లు మాత్రం షాపులోనే వదిలేయొచ్చు. తెల్ల చిప్స్ అయితే ఒక రాయి మీద నిమ్మరసం పిండి చూడండి. బుస్సుమని నురగొస్తే అది సున్నపురాయి, నీళ్ల గట్టిదనాన్ని, అంటే కరిగిన సున్నాన్ని, పెంచుతూనే ఉంటుంది. కడిగిన నది ఇసుక అంగుళం మందం వేసుకుంటే చాలు. ఎండాకాలంలో మూత తీసి ఉంచండి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఇముడుతుంది, 30 దగ్గర 7.5 మాత్రమే. మే నెలలో తెల్లారేసరికి చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచి కొట్టుకునేది అందుకే.

ఇక చేపల ప్యాకెట్. అందులో మామూలుగా ఉండేవి: రెండు గోల్డ్‌ఫిష్, రెండు ఏంజెల్, రెండో మూడో టైగర్ బార్బ్, నాలుగు గప్పీలు, రెండు 'షార్కులు', 'అడుగు శుభ్రం చేయడానికి' ఒక సక్కర్. రంగులు కలిశాయి గానీ చేపలు కలవవు.

ఆ షార్కు షార్కు కాదు. కైకలూరు, ఆకివీడు చెరువుల్లో పెంచి లారీల్లో ఎగుమతి చేసే ఫంగస్ (పంగాసియస్) చేప పిల్ల. చెరువులో మేత పడితే ఏడాది లోపే కిలో దాటుతుంది, నదిలో పెరిగితే మీటరు పైమాటే. రెండడుగుల తొట్టిలో దానికి తిరగడానికి కూడా చోటుండదు. పైగా మహా పిరికిది. లైటు వేసినా, ఎవరైనా తలుపు గట్టిగా వేసినా గాజుకేసి కొట్టుకుంటుంది. ఆ షార్కుల మూతి మీద కనిపించే తెల్లటి పుండు చాలాసార్లు రోగం కాదు, ఆ దెబ్బే.

సక్కర్‌ది ఇంకో కథ. రెండంగుళాలప్పుడు ముద్దుగా గాజుని పట్టుకుని ఉంటుంది, పెరిగితే అడుగున్నర దాకా వస్తుంది. మిగతా చేపల మలం తింటుందని షాపువాళ్లు చెప్పేది అబద్ధం. పిల్లప్పుడు కాస్త పాచి గీకుతుంది, పెద్దయ్యాక అందరికంటే ఎక్కువ మలం అదే వేస్తుంది. ఆకలేస్తే రాత్రిపూట గోల్డ్‌ఫిష్ ఒంటికి అతుక్కుని జిగురు పీలుస్తుంది.

గోల్డ్‌ఫిష్ చల్లనీళ్ల చేప, 18 నుంచి 23 డిగ్రీలు దానికి హాయి. ఒక్కోదానికీ 40 లీటర్లు తక్కువ కాకుండా ఇవ్వాలి. గప్పీలు, ఏంజెల్స్ 25 పైన ఉండేవి. టైగర్ బార్బ్ పొడవాటి రెక్కలు, తోకలు కనిపిస్తే కొరక్కుండా ఉండదు. రెండో మూడో ఉంటే మరీ ఘోరం, ఎనిమిదుంటే చాలావరకు వాటిలో అవే తేల్చుకుంటాయి. బార్బ్‌లే ఇష్టమైతే ఈ తొట్టిలో ఎనిమిది టైగర్ బార్బ్‌లు మాత్రమే వేసుకోండి, చూడముచ్చటగా ఉంటుంది. ఏంజెల్ పిల్లప్పుడు రూపాయి బిళ్లంత, ఏడాదికి రెక్కల కొస నుంచి కొస దాకా 15 సెంటీమీటర్లు. నోట్లో పట్టే చేపని, అంటే నియాన్ టెట్రానీ గప్పీ పిల్లనీ, తప్పకుండా మింగుతుంది. రెండు ఏంజెల్స్ జత కట్టాయంటే మిగతావన్నీ ఒక మూలకి చేరాల్సిందే.

లీటరున్నరకి, రెండు లీటర్లకి ఒక అంగుళం చేప అనే లెక్క కౌంటర్ దగ్గర బాగా వినిపిస్తుంది. రెండంగుళాల లోపు సన్నటి చేపలకి అది ఏదో పనికొస్తుంది, అంతకు మించి దండగ. చేప పొడవు రెట్టింపైతే ఒళ్లు ఎనిమిది రెట్లవుతుంది, మేత, మలం దాదాపు ఆ దారిలోనే పెరుగుతాయి. ఎనిమిదంగుళాల సక్కర్ ఒకటి, అంగుళం చేపలు ఎనిమిదింటికి సమానం కాదు.

చేపలు ఎంచుకునే ముందు చూడాల్సింది మీ నీళ్లు. ఆర్వో మెకానిక్ దగ్గరుండే టీడీఎస్ పెన్ను (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది) ముంచితే సగం విషయం తెలుస్తుంది. బోరు నీళ్లు 500 దాటి చూపిస్తే, బకెట్ అంచున తెల్లటి పెచ్చు కడుతుంటే అవి గట్టి నీళ్లు. అపార్టుమెంట్‌కి సాఫ్ట్‌నర్ ఉంటే దాని నీళ్లు వాడొద్దు. అది కాల్షియం తీసి సోడియం పెడుతుంది, టీడీఎస్ తగ్గదు, చేపలకి మేలూ లేదు. ఆర్వో నీళ్లు ఒక్కటే పోయడం కూడా తప్పే, ఖనిజాలు లేక పీహెచ్ ఒక్కసారిగా పడిపోయి నీళ్లు ఆమ్లంగా మారతాయి.

గట్టి బోరు నీళ్లకి నా ఓటు: ప్లాటీలు ఆరు, రెండు మగ, నాలుగు ఆడ. వాటితో జీబ్రా డానియోలు ఎనిమిది. అంతే, తొట్టి నిండినట్టే. మగవి ఎక్కువైతే ఆడవాటిని తరిమి తరిమి చంపుతాయి. ప్లాటీ నెలకోసారి పిల్లలు పెడుతుంది, డానియోలు చాలా పిల్లల్ని తినేస్తాయి, ఈ సైజు తొట్టికి అది మంచిదే. పిల్లల గోల వద్దనుకుంటే ఆరూ మగ ప్లాటీలే తీసుకోండి. ప్లాటీల బదులు గప్పీలు కావాలంటే డానియోలు మానేయాలి, ఆ వేగానికి గప్పీ తోక నిలవదు.

నది నీళ్ల సరఫరా ఉన్నవాళ్లు, లేదా బోరు నీళ్లలో సగానికి సగం ఆర్వో కలుపుకునేవాళ్లు: హార్లెక్విన్ రాస్బోరాలు ఎనిమిది, హనీ గౌరామీ జత ఒకటి, అడుగున కూలీ లోచ్‌లు అయిదు. రాస్బోరా మధ్యలో, గౌరామీ పైన, లోచ్ కింద, ఎవరి అంతస్తు వాళ్లది. నియాన్ టెట్రా అందంగా ఉంటుంది గానీ 28 దాటిన నీళ్లలో నీరసపడుతుంది, మన ఎండల్లో హార్లెక్విన్ నయం. లోచ్‌లకి మెత్తటి ఇసుక, నాలుగైదు దాక్కునే చోట్లు ఉండాలి. పదునైన రాళ్ల మీద మీసాలు అరిగిపోతాయి. వీటికి ఉప్పు వేయమని సలహా ఇస్తే వినొద్దు.

ఫైటర్ మగది కావాలంటే ఒంటరిగా పెట్టడమే న్యాయం. గప్పీ తోక చూసి ఇంకో ఫైటర్ అనుకుని మీదపడుతుంది.

నీళ్లు పోసిన రోజే చేపలు వేయడం ఈ కాంబో వ్యవహారంలో అన్నిటికంటే పెద్ద తప్పు. చేపలు వదిలే అమోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా స్పాంజిలో కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో నీళ్లు పాలలా మసకబారేదీ, పదో రోజు చేపలు చనిపోయేదీ ఈ లోపే. గట్టి నీళ్లకి పీహెచ్ మామూలుగా ఎక్కువ కాబట్టి వాళ్లకి ముప్పు ఇంకా ఎక్కువ: అంతే అమోనియా పీహెచ్ 7 దగ్గర కంటే 8 దగ్గర పది రెట్లు విషం. తొట్టి నింపి, మునిసిపల్ నీళ్లయితే క్లోరిన్ తీసే చుక్కలు వేసి, ఫిల్టర్ నడుపుతూ చేపలు లేకుండానే రోజూ చిటికెడు మేత వేయండి, అది కుళ్లితే వచ్చే అమోనియాతోనే ఆ బాక్టీరియా పెరుగుతుంది. ఎవరిదైనా ఆరోగ్యంగా ఉన్న తొట్టిలోంచి వాడిన స్పాంజి ముక్క దొరికితే సగం కాలం కలిసొస్తుంది. టెస్ట్ కిట్‌లో అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాక ముందు డానియోలో రాస్బోరాలో నాలుగు. పది రోజులకి మిగతా గుంపు. గౌరామీలు ఆఖర్న, ముందే వేస్తే తొట్టంతా మాదేనంటాయి. వారానికోసారి ఒక బకెట్, అంటే 14, 15 లీటర్లు మార్చండి. స్పాంజిని ఆ తీసిన నీళ్లలోనే పిండాలి, కుళాయి కింద పెడితే క్లోరిన్‌కి బాక్టీరియా పోతుంది.

షాపులో ఎంచుకునేటప్పుడు మీ ఎదుటే మేత వేయమనండి. తినని చేప, రెక్కలు ఒంటికి ముడుచుకున్న చేప, ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి చుక్కలున్న చేప ఉన్న తొట్టిలోంచి ఏదీ తీసుకోవద్దు, బాగున్నది కూడా. ఎక్కువ సరుకు చెన్నై కొళత్తూరు నుంచో కోల్‌కతా నుంచో కవర్లలో ప్రయాణం చేసి వస్తుంది, దిగిన రోజు కొనకుండా వారం ఆగితే ఏవి బతికేవో తెలిసిపోతుంది. గులాబీ, నీలం రంగులు ఎక్కించిన గాజు చేపలకి ఆ రంగు సూదితో పెట్టింది, నెలల్లో వెలిసిపోతుంది. ఇంటికొచ్చాక కవరుని 20 నిమిషాలు నీళ్ల మీద తేలనిచ్చి, తర్వాత అరగంట సేపు గ్లాసు గ్లాసుగా తొట్టి నీళ్లు కలిపి, వలతో చేపని మాత్రం వదలండి. కవరు నీళ్లు తొట్టిలో పోయొద్దు.

ప్యాకెట్ ఇప్పటికే కొనేసినవాళ్లు షార్కుల్ని, సక్కర్‌ని, గోల్డ్‌ఫిష్‌ని తిరిగివ్వండి. డబ్బు రాకపోయినా చాలా షాపులు చేపల్ని తీసుకుంటాయి. చెరువులోనో కాలవలోనో మాత్రం వదలొద్దు. ఇలా బయటపడ్డ సక్కర్లే ఇవాళ కృష్ణలోనూ చెరువుల్లోనూ దెయ్యం చేపలై జాలర్ల వలలు చింపుతున్నాయి. పెద్ద చేపలు తీసేసిన వారంలో స్పాంజి కడగొద్దు, కొత్త చేపలు వేయొద్దు. మేత సగానికి తగ్గించి, అమోనియా రెండుసార్లు సున్నా వచ్చాకే రాస్బోరాల కోసం బయల్దేరండి.