‘క్యాచింగ్ ద బిగ్ ఫిష్’ చదివాక నా షార్ట్ ఫిల్మ్ మళ్లీ ఎడిట్ చేశాను

నేను విజయనగరంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను, సీజన్ లేనప్పుడు షార్ట్ ఫిల్ములు తీస్తాను. అమెరికా సినిమా దర్శకుడు డేవిడ్ లించ్ రాసిన ‘క్యాచింగ్ ద బిగ్ ఫిష్’ ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. 2006లో వచ్చిన పుస్తకం. అధ్యాయాలు చాలా చిన్నవి, కొన్నయితే ఒక్క పేజీ కూడా ఉండవు, ఇంగ్లీషు కూడా ఇంటర్ చదివినవాళ్లకి అర్థమయ్యేంత తేలిక. పొందూరు వెళ్లే ప్యాసింజర్‌లో మొదలుపెట్టాను, చీపురుపల్లి ఎప్పుడు దాటిందో చూసుకోలేదు.

పేరులో ఉన్న చేప సంగతి ముందు చెప్పేస్తాను. ఐడియాలు చేపల్లాంటివట, చిన్నవి చాలనుకుంటే పైపైన ఉంటే సరిపోతుంది, పెద్దవి కావాలంటే లోతుకి వెళ్లాలి, మన కోరికే ఎర. కళింగపట్నం ఒడ్డున అలివి వల లాగేవాళ్లకి ఇది కొత్త సంగతేమీ కాదు, ఒడ్డు దగ్గర నెత్తళ్లు పడతాయి, వంజరం కావాలంటే బోటు వేసుకుని లోపలికి పోవాల్సిందే. ఆ లోతుకి లించ్‌ పట్టుకున్న దారి ధ్యానం. 1973 జూలైలో మహర్షి మహేశ్ యోగి చెప్పిన ట్రాన్సెండెంటల్ మెడిటేషన్ నేర్చుకున్నాడు, పూటకి 20 నిమిషాలు, రోజుకి రెండు పూటలు, ఆ తర్వాత ఒక్క పూట కూడా మానలేదని రాశాడు. మొదలుపెట్టిన రెండు వారాలకే భార్య వచ్చి ‘నీ కోపం ఏమైంది?’ అని అడిగిందట. ధ్యానం గురించి ఎన్ని పేజీలు రాసినా నాకు గుర్తుండిపోయింది ఈ ఒక్క ప్రశ్నే. కళాకారుడన్నాక బాధ పడుతూనే ఉండాలి అన్న మాట ఆయన అస్సలు ఒప్పుకోడు, తెర మీద బాధ చూపించాలంటే దాన్ని అర్థం చేసుకుంటే చాలు, నువ్వు అందులో మునిగి ఉండక్కర్లేదు అంటాడు. నిద్ర మానేసి, తిండి మానేసి తీస్తేనే సినిమా అనుకునే మన కుర్రాళ్లందరూ ఈ భాగం చదవాలి.

ఒక లోటు ఉంది. ధ్యానం ఎలా చెయ్యాలో ఇందులో ఉండదు. మంత్రం, పద్ధతి అన్నీ టీచర్ దగ్గర డబ్బు కట్టి నేర్చుకోవాల్సిందే, కాబట్టి ఆ ఆశతో మాత్రం కొనకండి. చైతన్యం, ఏకత్వం అంటూ చెప్పిందే మళ్లీ చెప్పే పేజీలు కూడా కొన్ని ఉన్నాయి, ఉపనిషత్తుల మాటలు చిన్నప్పట్నుంచి వింటున్న మనకి అవి కాస్త పల్చగా అనిపిస్తాయి.

నా డబ్బులు వసూలైంది ఫైనల్ కట్ గురించి, అంటే సినిమా చివరికి ఎలా ఉండాలో తేల్చే హక్కు గురించి రాసిన చోట. 1984లో వచ్చిన ‘డ్యూన్’కి ఫైనల్ కట్ లించ్ చేతిలో లేదు, ఆ సినిమా ఆడనూ లేదు, తను అనుకున్నట్టు రానూ లేదు. దాని తర్వాత ‘బ్లూ వెల్వెట్’కి బడ్జెట్ తగ్గించుకుని, తన పారితోషికం కూడా తగ్గించుకుని ఫైనల్ కట్ తీసుకున్నాడు. తీసేవాడికి తన సినిమా మీద ఆఖరి మాట లేకపోవడం అర్థం లేని పని అని ఈ పుస్తకంలో నేరుగా అంటాడు.

ఇది చదివి పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. పోయినేడాది పొందూరులో నూలు వడికే ఒక అమ్మ మీద 14 నిమిషాల ఫిల్మ్ తీశాను. అక్కడ పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు, దానికుండే సన్నటి పళ్లు దువ్వెనలా పనిచేస్తాయి. ఆమె వేళ్ల మధ్య దూది పీచు పీచుగా విడిపోతుంటే కిటికీ వెలుగులో ఆ పీచులు మెరుస్తున్నాయి, నేను కెమెరా ఆపలేదు. ‘ఇది సరిగ్గా ఏకకపోతే నూలు రాదు బాబూ’ అంది తల ఎత్తకుండానే. ఆ షాట్ 40 సెకన్లు. ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు వేస్తాం అన్నారు, కానీ ఆ షాట్ 5 సెకన్లు చెయ్యండి, జనం స్కిప్ చేసేస్తారు అన్నారు. చేసేశాను. ఆమె మాట కూడా అందులోనే పోయింది. ఎడిట్ ఎవరు చెప్తే చేశానన్నది పక్కన పెడితే, చేసింది నా చెయ్యే.

ఇంకో రెండు సంగతులు కూడా బాగా పట్టుకున్నాయి. లించ్ తన మొదటి సినిమా ‘ఇరేజర్‌హెడ్’ తీస్తూ దాని అర్థం తనకే అందక తిప్పలు పడుతుంటే, బైబిల్‌లో ఒక వాక్యం చదివాక మొత్తం తెలిసిపోయిందట, ఆ వాక్యం ఏదో మాత్రం చెప్పడు. చెప్తే చూసేవాడికి మిగిలేది తగ్గిపోతుందని ఆయన నమ్మకం, నాకూ అదే సరి అనిపించింది. ఇంకోటి ‘మల్హాలండ్ డ్రైవ్’ సంగతి. టీవీ కోసం తీస్తే అమెరికాలో ఛానల్ వాళ్లు వద్దన్నారు, ఆ తర్వాత ఫ్రాన్స్ డబ్బుతో దాన్ని సినిమాగా మార్చే అవకాశం వచ్చింది, కానీ ఎలా మార్చాలో తెలీదు. ఒక సాయంత్రం ధ్యానంలో కూర్చుంటే ఐడియాలన్నీ వరుసగా వచ్చేశాయట. ఆ సినిమాకే 2001లో కాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ దర్శకుడి అవార్డు వచ్చింది.

ఎడిటింగ్ నేర్చుకుంటున్నవాళ్లు, షార్ట్ ఫిల్ములు తీసేవాళ్లు తప్పకుండా కొనండి. చదివే ఓపిక లేకపోతే ఆడియోబుక్ ఉంది, లించ్ గొంతులోనే వినొచ్చు. 2025 జనవరిలో ఆయన పోయాక ఆ గొంతు వింటుంటే నాకు మనసు అదోలా అయిపోయింది.

పాత హార్డ్ డిస్క్ వెతికి ఆ 40 సెకన్లు మళ్లీ పెట్టేశాను. ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని పొందూరు వెళ్తున్నాను, ముందు ఆ అమ్మకి చూపించాలి.